మిషన్ కొనాలా, కిరాయికి తేవాలా? సర్వేయర్ ముందున్న అసలు లెక్క

యాసంగి వరి కోతలు మొదలయ్యే ఏప్రిల్‌లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, శనివారానికి మిషన్ దొరుకుతదా?" అడిగేవాళ్లు దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి వైపు కొత్తగా సర్వే పని పట్టుకున్న పిల్లలు. నా దగ్గరున్నది భూమి కొలిచే మిషన్ ఒక్కటే, ఒక టోటల్ స్టేషన్. ఏప్రిల్, మే రెండు నెలలూ అది నా పనులకే సరిపోదు. లేదని చెప్పగానే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "మరి కొనేస్తే ఎట్లుంటదన్నా?"

ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉన్నదే. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో కొత్త భూ రికార్డుల చట్టం భూభారతి వచ్చాక మాత్రం బాగా పెరిగింది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జత చేసే విధానం ఆ చట్టంలో ఉంది. పైలట్‌గా తీసుకున్న నాలుగు మండలాల్లో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు. ఆ పటాలు గీయడానికి ప్రభుత్వ సర్వేయర్లు సరిపోరు కాబట్టి లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. అలా చేతికి లైసెన్స్ వచ్చింది గానీ, చేతిలో మిషన్ లేదు. చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా అనుకుంటున్న రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం, హైవేల వెంట లేచే వెంచర్లు కూడా కొలతల పనిని పెంచేవే. పని కనిపిస్తోంది కాబట్టి అప్పు చేసైనా కొనేద్దామనిపిస్తుంది. ఆ తొందరలో చాలామంది మిషన్ ధర ఒక్కటే చూస్తారు.

## మిషన్ అంటే ఏ మిషన్

మన దగ్గర పాత కొలతలన్నీ గొలుసు మీద నడిచాయి. 33 అడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. అంటే 1,089 చదరపు అడుగులు, గజాల్లో 121. నలభై గుంటలైతే ఎకరం. టిప్పన్‌లో, అంటే ఒక్కో సర్వే నంబరు పాత కొలతల పటంలో, కనిపించే కొలతల వెనక ఉన్నది ఈ గొలుసే. ఇప్పుడు వాడేవి వేరు.

ఆటో లెవెల్ ఎత్తుపల్లాలు చూడటానికి. కాలువకు, రోడ్డుకు, ఇంటి బేస్‌మెంట్‌కు కావాలి గానీ పొలం హద్దులకు దాంతో పని లేదు. మిగతావాటితో పోలిస్తే చవక, చెడిపోవడం తక్కువ. దాన్ని కొనుక్కోండి, చర్చ అక్కర్లేదు.

టోటల్ స్టేషన్ అంటే కోణాన్ని, దూరాన్ని ఒకేసారి కొలిచే యంత్రం. ఊళ్లో "మిషన్" అంటే ఇదే. ఒకచోట స్టాండ్ మీద నిలబెట్టి, ఎదురుగా రాడ్ మీద ప్రిజం పట్టుకున్న మనిషిని చూస్తూ కొలుస్తాం. పెట్టె మీద "5 సెకండ్లు" అని ఉంటే, వంద మీటర్ల దూరంలో కోణం వల్ల వచ్చే తేడా రెండున్నర మిల్లీమీటర్ల లోపు అని అర్థం. హద్దుల పనికి ఇది ఎక్కువే. ఒకటే షరతు, మిషన్‌కు ప్రిజం కనబడాలి. మధ్యలో సర్కారు తుమ్మ పొద ఒకటి అడ్డం వచ్చినా గొడ్డలి పట్టుకోవాల్సిందే.

డీజీపీఎస్ అని మనం పిలిచేది నిజానికి ఆర్‌టీకే పద్ధతిలో పనిచేసే జీఎన్ఎస్ఎస్ రిసీవర్, అంటే ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని మనమున్న చోటు చెప్పే పరికరం. ఒకటి కదలకుండా ఉంటుంది, దాన్ని బేస్ అంటారు. రెండోదాన్ని పట్టుకుని పొలమంతా తిరుగుతాం, అది రోవర్. బేస్ పంపే సవరణ అందితే రోవర్ తెర మీద "ఫిక్స్" అని పడుతుంది. అప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లలో పాయింట్ వస్తుంది. "ఫ్లోట్" అని ఉండగానే తొందరపడి పాయింట్ కొడితే జానెడు, మూరెడు తేడా రావచ్చు. దీనికి ఎదుటి మనిషి కనబడాల్సిన పని లేదు, ఆకాశం కనబడాలి. బత్తాయి తోటలోనో, కొల్లాపూర్ వైపు మామిడి తోటలోనో చెట్టు కిందికి పోతే తెల్లమొహం వేస్తుంది.

డ్రోన్ సంగతి ఒక్క మాటలో: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డబ్బు తీసుకుని చేసే సర్వేకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ రిజిస్ట్రేషన్ వగైరా కావాలి. ఏడాదికి రెండు మూడు పెద్ద పనులు వచ్చేవారికి పైలట్‌తో సహా మాట్లాడుకోవడమే నయం.

## కిరాయి అనే మాట కింద మూడు పనులు

ఫోన్లో "కిరాయి ఎంత?" అని అడిగినప్పుడు ఇద్దరి మనసులో రెండు వేరే సంగతులు ఉంటాయి. ఒకటి ఉత్త మిషన్: పెట్టె, స్టాండ్, ప్రిజం, బ్యాటరీలు ఇస్తారు, వాడుకునేది మనం. రెండోది మిషన్‌తోపాటు ఆపరేటర్. కిరాయి ఎక్కువ, భోజనం మనది, టెన్షన్ తక్కువ. మూడోది ఎకరాల లెక్కన పని మొత్తం అప్పగించడం. వాళ్లే కొలిచి డ్రాయింగ్ ఫైల్ ఇస్తారు.

మూడోదాన్ని కిరాయి అనకూడదని నా అభిప్రాయం. కొలత వాళ్లది, కింద సంతకం మనది. రేపు పక్క పట్టాదారు వచ్చి "ఈ రాయి ఇక్కడెట్లా వచ్చింది సారూ?" అంటే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాడే. ఇక్కడి నుంచి కిరాయి అంటే ఉత్త మిషన్ కిరాయి అనే అనుకుందాం.

## ఒక టోటల్ స్టేషన్ ఏడాదికి ఎంత తింటుంది

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి. మీ ఊరి రేట్లు వేసుకుంటే జవాబు మారుతుంది, లెక్క పద్ధతి మారదు.

పన్నుతో కలిపి 5 లక్షలకు కొత్త మిషన్ కొన్నామనుకుందాం. ఆరేళ్లు వాడి 1 లక్షా 40 వేలకు అమ్మితే పోయింది 3 లక్షల 60 వేలు, ఏడాదికి 60,000. మొత్తం అప్పే అయితే, 12 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదా నెలకు సుమారు 16,600 పడుతుంది. మూడేళ్లలో కట్టే వడ్డీ దాదాపు 98,000. దాన్ని ఆరేళ్లకు పంచితే ఏడాదికి 16,300. సర్వీసింగ్, క్యాలిబ్రేషన్ 12,000, ఇన్సూరెన్స్ 6,000, బ్యాటరీ, ట్రైబ్రాక్ (మిషన్‌ను స్టాండ్ మీద బిగించే పీట), రాడ్ లాంటి చిల్లర 4,000. అన్నీ కలిపితే 98,300.

మిషన్ ఇంట్లో మూల కూర్చున్నా ఇందులో ఎక్కువ భాగం ఖర్చు అవుతూనే ఉంటుంది. సొంతం అనే మాటకు అసలు అర్థం ఇదే.

ఇప్పుడు కిరాయి. రోజుకు 1,500 అనుకుంటే, 98,300ని 1,500తో భాగిస్తే 65 చిల్లర. అంటే ఏడాదిలో 66 రోజులు, అంతకంటే ఎక్కువ పని ఉన్నవాడు కొనాలి, తక్కువ ఉన్నవాడు కిరాయికి తేవాలి. పుస్తకంలో లెక్క ఇక్కడితో అయిపోతుంది. నేనూ మొదట్లో ఇట్లాగే చేసి తప్పులో కాలేశాను.

## రోజులు ఎన్ని అన్నది సరే, అవి ఎట్లా పడుతున్నాయి?

తిప్పర్తి దగ్గర ఒక్కరోజు పని వచ్చిందనుకోండి. పొద్దున ఆరింటికి పొలంలో ఉండాలి. ఎండాకాలం పదకొండు దాటితే నేల మీద ఆవిర్లు లేచి ప్రిజం ఊగుతున్నట్టు కనిపిస్తుంది, అందుకే ఆ తొందర. కాబట్టి మిషన్ ముందురోజు సాయంత్రమే తెచ్చుకోవాలి. పని ముగిసేసరికి చీకటి పడుతుంది, మర్నాడు పొద్దున వాపసు ఇస్తాం. పని ఒక్కరోజే, కిరాయి రెండు రోజులది. రానుపోను ఖర్చు ఇంకో 600. మొత్తం 3,600.

ఇలాంటి విడి పనులే వచ్చేవారికి లెక్క తిరగబడుతుంది. 98,300ని 3,600తో భాగిస్తే 27. ఏడాదికి 28 ఒక్కరోజు పనులుంటే చాలు, కొన్నవాడికి గిట్టుబాటే. అదే 28 రోజులు ఒకే వెంచర్‌లో వరుసగా పడితే అదనపు రోజు ఒక్కటే, కిరాయి 43,500, రానుపోను 600. కొనడం శుద్ధ దండగ. రోజులు అవే, జవాబు తలకిందులు.

దీనికి మన సీజన్ ఇంకో మెలిక పెడుతుంది. పత్తి కట్టె పీకేదాకా చెల్కల్లో కొలవనివ్వరు. వరి కోసేదాకా పొలంలో కాలు పెట్టనివ్వరు. మృగశిర కార్తె వచ్చిందంటే మళ్లీ దున్నకాలు. మధ్యలో మిగిలే వేసవిలోనే నల్లగొండ నుంచి గద్వాల దాకా అందరికీ పని పడుతుంది, అందరికీ అప్పుడే మిషన్ కావాలి. కిరాయి పెరుగుతుంది, లేదా అసలు దొరకదు. దొరకక చేజారిన పని విలువ ఏ లెక్కలోనూ రాసుకోం. ఆ రైతు వచ్చే ఏడాది కూడా ఇంకొకరికే ఫోన్ చేస్తాడు.

## డీజీపీఎస్ దగ్గర లెక్క ఎందుకు వేరు

బేస్, రోవర్ జత 6 లక్షలు, నాలుగేళ్లకు లక్షన్నరకు అమ్ముతాం అనుకుంటే ఏడాదికి తరుగు 1,12,500. పైన చెప్పినట్టే వడ్డీ 29,400, నిర్వహణ 20,000. కలిపి 1,61,900. రోజు కిరాయి 3,000 అయితే 54 రోజుల దగ్గర తేలుతుంది. చూడటానికి టోటల్ స్టేషన్ లెక్కలాగే ఉంది. అసలు చిక్కు ఆ "లక్షన్నరకు అమ్ముతాం" అన్న చోట ఉంది. టోటల్ స్టేషన్ పాతబడినా కోణం కోణమే, దూరం దూరమే. పదేళ్ల నాటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. జీఎన్ఎస్ఎస్ రిసీవర్లలో మాత్రం అందుకునే ఉపగ్రహాలు, రాడ్ వంచినా సరిచేసుకునే సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ వేగంగా మారిపోతున్నాయి. నాలుగేళ్లకు అడిగేవాడే లేకపోతే ఏడాది ఖర్చు 1,99,400 అవుతుంది, తేలేది 67వ రోజు దగ్గర.

ఇంకో సంగతి, సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా పెట్టిన కార్స్ స్టేషన్లు. ఎప్పుడూ నడుస్తూ ఉండే బేస్‌లు అనుకోండి. వాటి సవరణ మొబైల్ డేటా ద్వారా వస్తుంది కాబట్టి సొంత బేస్ లేకుండా ఒక్క రోవర్‌తో పని నడుస్తుంది. జత కొనాల్సిన చోట ఒక్కటి చాలు. కాకపోతే సిగ్నల్ ఉండాలి. నల్లమల అంచున అమ్రాబాద్, పదర, ఇటు చందంపేట తండాల వైపు పోతే చాలాచోట్ల ఫోనే మోగదు. అక్కడ రేడియోతో మాట్లాడుకునే సొంత బేస్ ఉండాల్సిందే. అందుకే రోవర్ కొని, అటువైపు పని పడ్డప్పుడు బేస్ ఒక్కటే కిరాయికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. తెలివైన పద్ధతే, రెండూ ఒకదానితో ఒకటి కలిసే కంపెనీలవి అయితే.

## మిషన్ లోపల ఎవరి సెట్టింగ్ ఉంది

కిరాయి మిషన్ గురించి ఎవరూ మాట్లాడని సంగతి ఇది. దాన్ని మన కంటే ముందు ఎవరో, ఎక్కడో వాడారు. వాళ్ల సెట్టింగులు అందులోనే ఉంటాయి.

యూటీఎం జోన్ తీసుకోండి. గుండ్రటి భూమిని కాగితం మీద పరచడానికి ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోశారు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 43వ పట్టీ ముగిసి 44వది మొదలవుతుంది. ఆ గీత సరిగ్గా మహబూబ్‌నగర్ పట్నాన్ని ఆనుకుని పోతుంది. జడ్చర్ల 44లో, నారాయణపేట, గద్వాల 43లో. నల్లగొండలో తిరిగిన మిషన్‌ను నారాయణపేట తీసుకుపోయి జోన్ మార్చకుండా కొలిస్తే, వచ్చే అంకెలు అక్కడి మిగతా పటాలతో కలవవు.

ఇది కనిపించే తప్పు. కనిపించని తప్పు ఇంకొకటుంది. పరచడంలో పట్టీ నడుమ కాగితం కాస్త కుంచించుకుపోతుంది, అంచుల దగ్గర సాగుతుంది. 44వ పట్టీ నడుమ గీత 81 డిగ్రీల దగ్గర. నల్లగొండ దాదాపు 79.3 డిగ్రీల మీద ఉంది, అక్కడ సాగడం, కుంచించుకోవడం రెండూ సరిసమానమై నేల మీది దూరం, గ్రిడ్ దూరం (ఆ పరిచిన కాగితం మీది దూరం) దాదాపు ఒకటే అవుతాయి. జడ్చర్ల దాదాపు అంచు మీద ఉంది. అక్కడ గ్రిడ్ దూరం కిలోమీటరుకు అరవై ఐదు, డెబ్బై సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అదే విస్తీర్ణంలోకి వస్తే ఎకరానికి ఆరేడు గజాలు. మిషన్ ఒకటే, మనిషి ఒక్కడే, నల్లగొండలో సరిగ్గా వచ్చిన ఎకరం జడ్చర్ల హైవే పక్కన 4,840 గజాలకు బదులు 4,846 అవుతుంది. అక్కడ గజం ధర తెలిసినవాళ్లకు ఆ ఆరు గజాల బరువు చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో గ్రౌండ్ దూరానికి మార్చే వీలుంది, మార్చాలని తెలిసుండాలి.

ప్రిజం స్థిరాంకం కూడా ఇలాంటిదే. ప్రిజం గాజు లోపల వెలుగు తిరిగొచ్చే దారిని సరిచేసే అంకె అది. చాలా కంపెనీల ప్రిజంలకు మైనస్ 30 మిల్లీమీటర్లు అని ఉంటుంది. లైకా తన లెక్క తాను పెట్టుకుంది, ఆ కంపెనీ గుండ్రటి ప్రిజం వాళ్ల మిషన్‌లో సున్నా. కిరాయి షాపుల్లో ఒక కంపెనీ మిషన్‌తో ఇంకో కంపెనీ ప్రిజం పెట్టెలోకి రావడం మామూలే. చూసుకోకుండా తప్పు అంకె ఉంచేస్తే కొలిచిన ప్రతి దూరంలో మూడు సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. ప్రతిదాంట్లోనూ ఒకే తేడా కాబట్టి అనుమానం కూడా రాదు.

సొంత మిషన్ ఉన్నవాడు ఈ తప్పులు చేయడని కాదు. ఒకసారి సరిచేసుకుంటే అది అలాగే ఉంటుంది, అంతే తేడా. కిరాయికి తెచ్చేవాడు ప్రతిసారీ మొదటి నుంచి చూసుకోవాలి. నేను కిరాయి రోవర్ తెచ్చినప్పుడల్లా మా ఇంటి ముందు సిమెంట్‌లో దిగ్గొట్టిన మేకు మీద పెట్టి చూస్తాను. ఆ మేకు అంకెలు నాకు నోటికి వచ్చు. కలవకపోతే పెట్టె మూసేస్తాను.

## కిందపడితే, తప్పు చూపిస్తే

నిడమనూరు దగ్గర ఒకసారి కిరాయి స్టాండ్ కాలు బిగుతు మర ఒరిసిపోయి ఉంది. గట్టు మీద పెట్టాను, గాలికి కాలు జారింది. మిషన్‌ను నేలకు తాకకముందే పట్టుకున్నాను గానీ పిడికిలి బండకు రాసుకుని తోలు లేచింది. వాపసు ఇచ్చేటప్పుడు షాపాయన స్టాండ్ కాలు చూసి నా డిపాజిట్‌లో కోత పెట్టాడు. తీసుకునేటప్పుడే మర అట్లా ఉందని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు.

ఆయన వైపు నుంచి చూస్తే అదీ నిజమే. లక్షల సరుకు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెడుతున్నాడు. ఎవరు పడేశారో, ఎవరు వానలో తడిపారో ఆయనకెలా తెలుస్తుంది? డిపాజిట్, ఆధార్ జిరాక్స్, కొన్నిచోట్ల ఖాళీ చెక్కు అడిగేది అందుకే. ఇన్సూరెన్స్ ఉన్నా, కిరాయికి ఇచ్చినప్పుడు జరిగిన నష్టం అందులోకి వస్తుందో రాదో పాలసీ కాగితం చదివితే తప్ప తెలియదు.

క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ విషయంలో కిరాయి వైపు ఒక మంచి మాట చెప్పాలి. పద్ధతిగా నడిపే షాపు ఏడాదికోసారి మిషన్‌ను సర్వీస్ సెంటర్‌కు పంపుతుంది. సొంత మిషన్లవాళ్లలో "బాగానే చూపిస్తుంది కదా" అని మూడేళ్లు లాగేవాళ్లు ఎంతోమంది. ఎవరిదైనా సరే, ఒకే గురిని మిషన్ రెండు ముఖాలతో, అంటే ఒకసారి మామూలుగా, ఇంకోసారి దుర్భిణి తిరగేసి చూసి, ఆ రెండు అడ్డ కోణాల మధ్య తేడా 180 డిగ్రీలకు ఎంత దగ్గరగా ఉందో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

## పన్ను కోణం, క్లుప్తంగా

సర్వే యంత్రాల మీద జీఎస్టీ 18 శాతం. మీరు జీఎస్టీలో ఉంటే ఆ మొత్తం క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనివారు సాధారణంగా రిజిస్టర్ కానక్కర్లేదు, అలాంటివారికి ఆ 18 శాతం ధరలో కలిసిన ఖర్చే. ఆదాయపు పన్నులో యంత్రం మీద తరుగు 15 శాతం. కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. కిరాయి మాత్రం ఆ ఏడాది ఖర్చుగానే మొత్తం రాసుకోవచ్చు. అయితే పద్దులు రాయకుండా, వసూళ్లలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపించి పన్ను కట్టేవారికి తరుగు, కిరాయి రెండూ అందులోనే కలిసిపోయినట్టు. "కొంటే ట్యాక్స్ కలిసొస్తది" అనే మాట వాళ్లకు వర్తించదు. మన చిన్న సర్వేయర్లలో చాలామంది ఆ కోవలోకే వస్తారు.

## పెద్దల మాట, పిల్లల మాట

నాకంటే పదిహేనేళ్ల ముందు ఈ పనిలోకి వచ్చినవాళ్లు కొనమనే అంటారు. మిషన్ చేతికి అలవాటైతే పని సగం అయినట్టే అంటారు. సొంత పెట్టె దింపితే రైతుకు నమ్మకం వేరన్నది కూడా నిజమే, పంచాయితీ నడిచే హద్దు దగ్గర మరీ. పిల్లలు ఇంకోలా చూస్తారు. మొదటి రెండేళ్లు ఎలాంటి పని వస్తుందో తెలియదు, వెంచర్లు వస్తాయో పొలాల పంపకాలు వస్తాయో తెలియదు, తెలియకుండా అప్పు ఎందుకు అంటారు. నేను పిల్లల వైపే మొగ్గుతాను. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కునే పద్ధతీ ఉంది, కానీ ముగ్గురికీ మే నెలలోనే కావాలి. సెకండ్ హ్యాండ్ మిషన్ అయితే పైలెక్కలో తరుగు సగానికి పడిపోవచ్చు. సర్వీస్ రికార్డు లేనిదాన్ని మాత్రం నేను ముట్టను.

దేవరకొండ వైపు తమ్ముడొకడు పోయినేడు తన డైరీ పట్టుకుని వచ్చాడు. ఏడాదిలో 23 పనులు, 41 రోజులు. ప్రతి పనికీ ఒకరోజు కిరాయి అదనంగా పడింది కాబట్టి 64 రోజులు, 96,000. రానుపోను 13,800. మొత్తం 1,09,800. "కొంటే పదకొండున్నర వేలు మిగిలేవి కదన్నా" అన్నాడు. డైరీ ఇంకోసారి తిప్పాం. 14 పనులు, 24 రోజులు ఏప్రిల్, మేలలోనే ఉన్నాయి. ఆ రెండు నెలలకు నెల కిరాయి 25,000 చొప్పున మాట్లాడుకుంటే 50,000, దానికి ఒకసారి రానుపోను 600. మిగతా 9 పనులకు 17 రోజులు, అదనం 9, కలిపి 26 రోజుల కిరాయి 39,000, రానుపోను 5,400. మొత్తం 95,000. కొన్నదానికంటే మూడు వేల చిల్లర తక్కువ.

వాడు కాసేపు ఆ కాగితం చూసి, ఫిబ్రవరిలోనే అడ్వాన్స్ ఇస్తే నెల కిరాయి ఇంకో రెండు వేలు తగ్గుతుందా అని అక్కడికక్కడే షాపుకు ఫోన్ కలిపాడు.